ఆంధ్రపితామహ మాడపాటి హనుమంతరావు

వ్రాతలో నున్నదానిని చదువలేనివానికి ఆ వ్రాత యెంత మేలుగోరి వ్రాసినదైనను అక్కరకు రాదు. ఋణపత్రముపై వేలిముద్ర వేయు రైతునకు అందలి వడ్డీ యెంతయో తెలియనిచో ఆ పత్రమే అతనికి ఉరిత్రాడగును. రాజ్యము ప్రజల రక్షణకై చేసిన శాసనము ప్రజలకు రాని భాషలో కచేరీ బీరువాల యందు పడియున్నచో అది లేనిదానితో సమానము. ఈ సత్యమును చక్కగా గుర్తించి, తాను నేర్చిన న్యాయశాస్త్రమును తన కక్షిదారుల కొరకు మాత్రమే గాక, న్యాయస్థానపు గడప తొక్కలేని జనుల కొరకు గూడ వినియోగించిన మహనీయుడు మాడపాటి హనుమంతరావు. ఆయన హైదరాబాదు నగరమున వకీలుగా జీవించెను. ఆంధ్రపితామహుడుగా కీర్తి గాంచెను.

హనుమంతరావు 1885వ సంవత్సరము జనవరి 22వ తేదీన కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోని యొక పల్లెలో జన్మించెను. ఆయన పసితనముననే తండ్రి పరలోకగతుడయ్యెను. అంతట మేనమామలు ఆ బాలుని నల్లగొండ జిల్లాలోని సూర్యాపేటకు తీసికొనిపోయి పెంచిరి. నందిగామకును సూర్యాపేటకును నడుమ దూర మంత ఎక్కువ కాదు. ఐనను ఆ రెంటి నడుమ రెండు రాజ్యముల సరిహద్దు ఉండెను. నందిగామ ఆంగ్లేయుల యేలుబడిలోనిది. సూర్యాపేట నైజాము ప్రభువు ఏలుబడిలోనిది. ఇరుప్రక్కల ఇండ్లలో వినబడునది తెలుగే. కాని నైజాము రాజ్యమున బడిలోను, కచేరీలోను, న్యాయస్థానములోను చెల్లుబడి యగునది ఉర్దూ. ఇంట నొక భాష, బడిలో నొక భాష యను స్థితిలో ఆ బాలుని విద్యాభ్యాసము ప్రారంభమయ్యెను.

ఆ రోజులలో నైజాము రాజ్యమున ఉర్దూ నేర్చిన తెలుగువారు కొందరు తెలుగును తక్కువగా చూచుచుండిరి. మరికొందరు తెలుగుపై నభిమానముచేత ఉర్దూకు దూరముగా నుండిరి. హనుమంతరావు ఈ రెండు దారులను అనుసరింపలేదు. ఆయన ఉర్దూ, పారసీ భాషలను శ్రద్ధతో అభ్యసించెను, ఇంగ్లీషు నేర్చెను, తెలుగును విడువలేదు. సూర్యాపేటలో కొంతకాలము చదివిన పిమ్మట హనుమకొండకు పోయి అచ్చట మెట్రిక్యులేషను చదువు ముగించెను. తరువాత ఆ పట్టణముననే ప్రభుత్వ విద్యాశాఖలో ఉద్యోగమున ప్రవేశించెను.

హనుమకొండ కాకతీయుల తొలి రాజధాని. వేయిస్తంభముల గుడి యున్న ఆ పట్టణమున తెలుగు చదువుటకు ఒక పుస్తకశాల యైనను లేకుండుట అచ్చటి విద్యావంతులకు కొరతగా తోచెను. 1901వ సంవత్సరమున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. దానిని చూచి 1904వ సంవత్సరమున హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. ఈ గ్రంథాలయ సేవలో హనుమంతరావు పాలుపంచుకొనెను. పగలు ఉర్దూలో కచేరీ కాగితములు వ్రాసిన చేయియే తీరిక వేళల తెలుగు పుస్తకముల సేవ చేసెను. ఆయన కథారచన యందును ఆసక్తి గలవాడు. ఉర్దూలో వెలువడిన ప్రేమచందు కథలను కొన్నింటిని తెనిగించెను. మల్లికాగుచ్ఛ మను పేర ఆయన కథల సంపుటి వెలసినది. ఒక భాషలోని విషయమును మరియొక భాషలో స్పష్టముగా చెప్పుటలో ఆయనకు కలిగిన ఈ నేర్పు ముందుముందు ఎందరికో మేలు చేయనుండెను.

1912వ సంవత్సరమున హనుమంతరావు హైదరాబాదు నగరమునకు వచ్చి ప్రభుత్వమువారి శాసన సంబంధమైన శాఖలో అనువాదకుడుగా చేరెను. నగర మప్పుడు క్రొత్త రూపును దాల్చుచుండెను. 1908వ సంవత్సరము సెప్టెంబరు నెలలో మూసీనదికి వచ్చిన మహాప్రవాహము నది కిరుప్రక్కల నున్న పేటలను నాశము చేసి వేలకొలది జనులను పొట్టబెట్టుకొనెను. ఆ యుపద్రవము పిదప మరల నట్టి కీడు రాకుండునట్లు జలాశయములను నిర్మించుటకును, నగరమును బాగుచేయుటకును ప్రభుత్వము పూనుకొనెను. 1912వ సంవత్సరముననే నగరాభివృద్ధి మండలి యేర్పడెను. ఇరుకు సందులున్న చోట వెడల్పైన వీధులును, పత్తర్‌గట్టీ వంటి రాతికట్టడపు అంగళ్లును వెలసినవి.

అనువాదకుని ఉద్యోగము హనుమంతరావునకు గొప్ప పాఠశాల యయ్యెను. శాసనము లెట్లు పుట్టునో, ఒక్క మాట మారినచో శాసనపు అర్థ మెట్లు మారునో, మేలుగోరి చేసిన ఉత్తరువు గ్రామము చేరునప్పటికి ఎట్లు మరుగున పడునో ఆయన దగ్గరనుండి గమనించెను. నెలజీతము వచ్చు ఉద్యోగమును పట్టుకొని యుండినచో జీవితము సుఖముగనే గడచియుండును. కాని స్వతంత్రముగా జీవింపవలె ననియు, లోకసేవ చేయవలె ననియు ఆయనకు కోరిక యుండెను. సర్కారు కొలువులో నుండి ప్రజలపక్షమున నోరు విప్పుట సాధ్యము కాదు. అందుచేత ఆయన న్యాయశాస్త్రమును చదివి వకాలతు పరీక్షయందు కృతార్థుడై, 1917వ సంవత్సరమున ఉద్యోగమును విడిచి న్యాయవాద వృత్తిని చేపట్టెను. అటుపిమ్మట సుమారు ఇరువదియైదు సంవత్సరములు ఆయన వకీలుగా నుండెను.

ఆయన వృత్తిలో ప్రవేశించిన మూడేండ్లకు, 1920వ సంవత్సరము ఏప్రిల్ నెలలో, మూసీనది దక్షిణపు టొడ్డున పాతనగరపు వాకిట క్రొత్త హైకోర్టు భవనము తెరువబడెను. ఎఱ్ఱరాతితో కట్టిన గోడలు, నీలి గుమ్మటములు గల ఆ భవనము నది కావలి యొడ్డునకు సైతము నిండుగా కనబడుచుండెను. దానికి దక్షిణమున చార్మినారు చుట్టునున్న అంగళ్లు. ఉత్తరమున నయాపూలు దాటగానే అఫ్జల్‌గంజి, ఆవల బేగంబజారు. పట్టు, ముత్యములు, ధాన్యము, నూనె, కిరాణా సరకులు ఈ బజారులలో చేతులు మారుచుండెను. బేరమున్న చోట తగవు లుండుట సహజము. ఆ తగవులు తీరునట్టి చోటు న్యాయస్థానము.

వర్తక వ్యవహారముల తగవులు తీర్చుట సులభమైన పని కాదు. ఒక వర్తకుడు మరియొకనికి హుండీ వ్రాసియిచ్చును. గడువు నాటికి సొమ్ము చెల్లదు. ఇద్దరు భాగస్వాములు దుకాణము పెట్టుదురు. విడిపోవునప్పుడు లెక్కలు కుదురవు. ఒకడు అప్పు తీర్చితి ననును. రెండవవాడు ఖాతా చూపును. నైజాము రాజ్యమున హాలీసిక్కా యను ప్రత్యేక నాణెము చెల్లుచుండెను. సరిహద్దు కావల ఆంగ్లేయుల రూపాయి చెల్లుచుండెను. రెండు నాణెముల విలువ లొకటి కావు. కావున మారకపు లెక్కయే ఒక్కొక్కప్పుడు వివాదమగును. సరుకు సరిహద్దు దాటునప్పుడు కరోడ్‌గిరి యను సుంకము చెల్లింపవలెను. ఆ రసీదు పోయినచో మరియొక చిక్కు. ఇవి యన్నియు చాలవన్నట్లు ఖాతాలు ఒక్కొక్కరివి ఒక్కొక్క లిపిలో నుండును. తెలుగు వర్తకుడు తెలుగున వ్రాసికొనును. మరాఠీవాడు మోడి లిపిలో వ్రాసికొనును. మార్వాడీ తన లిపిలో వ్రాసికొనును. కాని దావా నడచునది ఉర్దూలో.

తెలుగు వర్తకు డొకడు ముప్పది యేండ్లు నిక్కముగా లెక్క వ్రాసికొనినను, న్యాయస్థానమున తన లెక్కను తాను చెప్పుకొనలేడు. తన నోట వచ్చిన మాట మరియొకని నోట ఉర్దూగా మారి న్యాయాధిపతికి వినబడవలెను. నడుమ నున్నవాడు తెలియక తప్పు చెప్పినను, తెలిసి తప్పు చెప్పినను నష్టపడువాడు వర్తకుడే. అట్టి వేళ రెండు భాషలును శాసనమును బాగుగా నెరిగిన వకీలు ఎంత యవసరమో వేరుగా చెప్ప నక్కరలేదు. అనువాదకుడుగా పండిన హనుమంతరావు ఇట్టి న్యాయవాది. కాగితమును సమగ్రముగా చదువుట, సంగతిని క్రమముగా పేర్చుట, ఆవేశపడక యుక్తితో చెప్పుట అనునవి ఆయనకు అలవడిన గుణములు. ముషీరె దక్కన్ అను ఉర్దూ పత్రికకును ఆయన వ్యాసములు వ్రాసెను. అందుచేత అధికారవర్గమువారును, ఉర్దూ పండితులును గూడ ఆయన మాటను మన్నించుచుండిరి.

ఇంతలో ఒక సంఘటన ఆయన జీవితమును క్రొత్త దారికి త్రిప్పెను. 1921వ సంవత్సరము నవంబరు నెలలో హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలయందు సంఘసంస్కరణ మహాసభ జరిగెను. స్త్రీవిద్యకై జీవితమును ధారవోసిన మహర్షి ధోండో కేశవ కార్వే దాని కధ్యక్షుడు. ఇంగ్లీషులోను, ఉర్దూలోను, మరాఠీలోను ఉపన్యాసములు సాగెను. సభికులు వానిని శాంతముగా వినిరి. పిమ్మట ఆలంపల్లి వెంకటరామారావు అను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ మొదలిడెను. వెంటనే సభలో కొందరు చప్పట్లు చరచి, గేలి చేసి, ఆయన ప్రసంగము సాగకుండ నడ్డుపడిరి. నైజాము రాజ్యపు జనులలో సుమారు సగముమంది తెలుగువారు. వారి భాషకు వారి రాజధానిలో, అందును సంస్కరణము కోరు సభలో, ఈ మర్యాద జరిగెను.

అచ్చట నున్న తెలుగువారి మనస్సులు మిక్కిలి నొచ్చుకొనెను. ఐనను వారు కయ్యమునకు దిగలేదు. నాటి రాత్రియే టేకుమాల రంగారావు ఇంట కొందరు కూడి ఆలోచించి, ఆంధ్రజనసంఘము అను సంస్థను నెలకొల్పిరి. 1921 నవంబరు 12వ తేదీ ఆ సంఘపు పుట్టిన దినము. అందు మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు మున్నగువారు పాల్గొనిరి. సంఘమునకు కార్యదర్శిగా హనుమంతరావు పెక్కు సంవత్సరములు భారము వహించెను. 1923వ సంవత్సరమున జిల్లాలలోని సంఘముల నన్నింటిని కలుపు కేంద్ర సంఘము ఏర్పడగా, దాని కార్యదర్శి పదవియు ఆయననే వరించెను.

అవమానమునుండి పుట్టిన సంఘములు పెక్కు కొన్నినాళ్లు కోపముతో మండి చల్లారిపోవును. ఈ సంఘ మట్లు కాకపోవుటకు ముఖ్యకారణము హనుమంతరావు పనితీరు. తెలుగు భాషకు గౌరవము కావలె నని ఉపన్యసించిన మాత్రమున ప్రయోజనము లేదని ఆయన యెరుగును. తెలుగు మాటలాడు బీదవానికి ఆ భాషవలన ఏదేని మేలు జరిగిననే భాషకు గౌరవము కలుగును. కావున ఆయన తన దృష్టిని గ్రామముల వైపు త్రిప్పెను.

గ్రామములలో చిల్లర వర్తకులు పడుచున్న బాధలు మొట్టమొదట సంఘము దృష్టికి వచ్చినవానిలో ముఖ్యమైనవి. తాలూకా అధికారి గాని, పోలీసు అధికారి గాని పర్యటనమునకు వచ్చినచో ఆయనకును ఆయన పరివారమునకును బియ్యము, పప్పు, నెయ్యి, నూనె మొదలగు వస్తువులను ఆ ఊరి కోమటి అందింపవలెను. ఒక్కొక్కప్పుడు తక్కువ వెల యిత్తురు. ఒక్కొక్కప్పుడు ఏమియు ఈయరు. అడిగినచో ఆగ్రహము. అంగడి కట్టివేసికొని పోవుటకు వీలులేదు. నష్టమునకు ఓర్చుటకును శక్తి లేదు. ఇది రాజశాసన మని వర్తకులు నమ్మి తల యొగ్గుచుండిరి.

హనుమంతరావు వకీలు చూచినట్లు ఈ విషయమును చూచెను. అధికారులు చేయు పని నిజముగా శాసనసమ్మతమా? ప్రభుత్వపు ఉత్తరువు లేమి చెప్పుచున్నవి? ఆయనయు ఆయన సహచరులును వెదకి చూడగా, ధర చెల్లింపక సరుకు తీసికొనుటకు అధికారుల కెట్టి హక్కును లేదని తేలెను. ప్రభుత్వము అట్టి దౌర్జన్యమును వారించుచు చేసిన నిబంధన లుండెను. కాని అవి ఉర్దూలో నుండెను, కచేరీలలో నుండెను. ఎవరి రక్షణకై అవి పుట్టెనో వారికి వాని పేరైనను తెలియదు. హనుమంతరావు ఈ విషయములను సేకరించి, తేలిక తెలుగులో వ్రాయించి, వర్తకస్వాతంత్ర్యము అను చిన్న పుస్తకముగా సంఘము పక్షమున ప్రకటింపజేసెను. ఆ పుస్తకము చేతబట్టిన వర్తకుడు అధికారితో కలహింప నక్కరలేదు. నియమ మిది యని వినయముతో చూపినచో చాలును. వర్తకులు సంఘములుగా నేర్పడి, తమ కష్టములను వ్రాతపూర్వకముగా పై అధికారులకు తెలుపుకొను అలవాటు చేసికొనిరి. భయము కొంత తగ్గెను; ధైర్యము కొంత పెరిగెను.

వర్తకులకంటె హీనముగా బ్రదుకువారు వెట్టివారు. అధికారి సామానులు మోయుట, బండ్లు తోలుట, కట్టెలు కొట్టుట, నీళ్లు తోడుట, ఉత్తరములు మోసికొని పొరుగూరికి నడచుట మున్నగు పనులను కూలి లేక చేయవలసిన జనులు ప్రతి గ్రామమునను ఉండిరి. కుమ్మరి కుండ లీయవలెను; చాకలి బట్ట లుతుకవలెను; మాదిగ చెప్పులు కుట్టి యీయవలెను. ఆ దినమున తమ పిల్లలకు గంజి యెట్లు వచ్చునని యడుగు దిక్కు వారికి లేదు. సంఘము ఈ దురాచారమును గూర్చియు వివరములు సేకరించెను. ప్రభుత్వమునకు విన్నపములు పంపెను. వెట్టిచాకిరి యను కరపత్రమును తెలుగున ప్రకటించెను. చేతివృత్తులవారిపైనను, అంగళ్లపైనను వేయు మోహతర్ఫా యను పన్నును గురించియు ఒక పుస్తకము వెలువరించెను. ఎవరు పన్ను చెల్లింపవలెనో, ఎవరు చెల్లింపనక్కరలేదో దానివలన తెలియవచ్చెను.

ఈ పుస్తకము లన్నియు చిన్నవి. వానిలో అలంకారములు లేవు, ఆవేశములు లేవు. ఒక్కొక్క దాని వెనుక నుండిన పద్ధతి మాత్రము ఒక్కటే. మొదట సంగతి నిజమా కాదా యని విచారించుట. రెండవది శాసన మేమి చెప్పుచున్నదో చూచుట. మూడవది అధికారులకు మర్యాదగా విన్నవించుట. నాలుగవది తెలిసిన విషయమును తెలుగున అందరికి తెలుపుట. ఒక్క కక్షిదారునకు వకీలు చేయుపని ఇదియే. హనుమంతరావు ఈ పనిని రాజ్యమందలి తెలుగువారి కందరకును చేసెను. దీనికి ఆయన పుచ్చుకొనిన రుసుము లేదు.

వెట్టి యీ కరపత్రములతోనే తొలగిపోయె ననుకొనరాదు. బలవంతులైన దేశముఖులును, భూస్వాములును ఉన్నచోట కాగితముపై నున్న నియమము మాత్రమే బీదవానిని రక్షింపజాలకపోయెను. ఆ దురాచారముపై తెలంగాణా ప్రజలు తరువాతి కాలమున ఘోరమైన పోరాటము చేయవలసి వచ్చెను. కాని ఇది అన్యాయము, ఇది శాసనవిరుద్ధము అను జ్ఞానము జనులలో మొదట నాటిన ఘనత ఆంధ్రజనసంఘమునకు చెందును. తన స్థితి విధివ్రాత యని నమ్మువాడు తల యెత్తడు. అది అక్రమ మని తెలిసినవాడు ఒకనాటికి తల యెత్తక మానడు.

సంఘము గ్రంథాలయములను స్థాపించుట యందును, పాఠశాలల నెలకొల్పుట యందును కృషి చేసెను. 1923వ సంవత్సరమున దివంగతుడైన కొమర్రాజు వేంకటలక్ష్మణరావు పేర పరిశోధక మండలి నేర్పరచి, తెలంగాణమందలి శాసనములను వెదకి ప్రకటించు పనియు ప్రారంభించిరి. ఐతే ఆ దినములలో ప్రభుత్వానుమతి లేక ప్రైవేటు పాఠశాల నడుపుటకు వీలులేని నిబంధనలు వచ్చెను. బహిరంగసభ జరుపుటకు గూడ ముందుగా ననుమతి పొందవలెనని గస్తీ నిశాన్ 53 అను ఉత్తరువు వెలువడెను. ప్రతి పనికి ఒక అర్జీ, ప్రతి అర్జీకి పది ప్రశ్నలు. విసుగులేక ఈ అర్జీలు వ్రాయుటయు, ప్రశ్నలకు బదులు చెప్పుటయు, నిబంధనలలో దారి వెదకుటయు హనుమంతరావు చేసిన సేవలో పెద్దభాగము. చూచువారికి ఇది చిన్నపనిగా తోచును. కాని ఈ ఓర్పు లేనిదే సభలును లేవు, పాఠశాలలును లేవు.

ఆయన హృదయమునకు మిక్కిలి దగ్గరైన పని బాలికల విద్య. 1928వ సంవత్సరమున హైదరాబాదులో ఆంధ్రబాలికోన్నత పాఠశాల స్థాపింపబడెను. తెలుగు బాలికలకు తెలుగుననే పై తరగతుల చదువు చెప్పుట దాని యుద్దేశము. 1918వ సంవత్సరమున నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. తెలుగున చదివిన బాలికలకు పరీక్ష జరుపువా రెవరు? ఈ చిక్కు తీర్చుటకు పాఠశాల కార్యకర్తలు కార్వే మహర్షి నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయించిరి. ఆ విద్యాలయము పాఠశాలను తనకు అనుబంధముగా స్వీకరించి తెలుగున పరీక్షలు వ్రాయుట కంగీకరించెను. ఏ మహర్షి అధ్యక్షతన జరిగిన సభలో తెలుగు మాట గేలి చేయబడెనో, ఆ మహర్షి విద్యాలయమే తెలుగు బాలికల చదువునకు అండగా నిలిచినది. మరాఠీవారిపై పగ పెంచుకొనక, మంచి యెచ్చట నున్నను గ్రహించిన హనుమంతరావు ఔదార్యమునకు ఇది నిదర్శనము. నారాయణగూడలోని ఆ పాఠశాలకు తరువాత ఆయన పేరే పెట్టబడెను.

1930వ సంవత్సరమున మెదకు జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ మొదటి సమావేశము జరిగెను. గ్రామములనుండి వచ్చిన జనులు తెలుగున తమ కష్టసుఖములు చెప్పుకొనిరి. తొమ్మిదేండ్ల క్రిందట ఒక్క తెలుగు వక్త మాటకు చోటు లేకపోయిన రాజ్యమున, దినముల తరబడి తెలుగు సభ సాగెను. 1935వ సంవత్సరమున సిరిసిల్లలో జరిగిన నాలుగవ మహాసభకు హనుమంతరావే అధ్యక్షుడు.

కాలము మారినకొలది యువకుల యాశయములును మారెను. అర్జీలు చాలవు, బాధ్యతాయుత ప్రభుత్వము కావలెనని కొందరు, దున్నువానికే భూమి దక్కవలెనని మరికొందరు పట్టుపట్టిరి. హనుమంతరావు శాసనబద్ధమైన దారినే నమ్మినవాడు, మితవాది. ఆయన నడక మందమైన దని యువకులు విమర్శించిరి. ఆ విమర్శలో కొంత సత్యము లేకపోలేదు. చట్టమునే లెక్కచేయని బలవంతుని యెదుట చట్టమును చూపువాడు ఓడిపోవును. కాని ఆ యువకులు కూడిన మహాసభ వేదికను కట్టినవారిలో ఆయన ముందువాడు. ఈ సంగతిని విమర్శకులును కాదనలేదు. 1944వ సంవత్సరమున భువనగిరి సమావేశముతో మహాసభ రెండుగా చీలిపోయెను.

1948వ సంవత్సరము సెప్టెంబరు నెలలో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసెను. అప్పటికి హనుమంతరావు అరువదిమూడేండ్లవాడు. తాను కన్నులార చూచిన ఉద్యమ చరిత్రను తెలంగాణా ఆంధ్రోద్యమము అను పేర రెండు భాగములుగా వ్రాసి తరువాతి వారికి అందించెను. తన గొప్పను చెప్పుకొనుట కంటె సహచరుల సేవలను, సభల తీర్మానములను, అర్జీల వివరములను నమోదు చేయుట యందే అందు ఆయనకు శ్రద్ధ మెండు. న్యాయవాది వ్రాసిన చరిత్ర కావున దానిలో సాక్ష్యము లేని మాట తక్కువ.

1951వ సంవత్సరమున ఆయన హైదరాబాదు నగరపాలక సంస్థకు మేయరుగా ఎన్నికయ్యెను. నగరమునకు ఆయనయే ప్రథమ మేయరు. నలువది యేండ్ల క్రిందట అనువాదకుడుగా వచ్చినవాడు ఆ నగరమునకే ప్రథమపౌరుడయ్యెను. 1955వ సంవత్సరమున భారత ప్రభుత్వము ఆయనకు పద్మభూషణ బిరుద మొసగెను. 1956వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ రాష్ట్ర మేర్పడిన తరువాత, 1958వ సంవత్సరమున ఏర్పడిన శాసనమండలికి ఆయన అధ్యక్షుడై 1964వ సంవత్సరము వరకు ఆ పీఠము నలంకరించెను. శాసనములను ఒక భాషనుండి మరియొక భాషకు మార్చుచు బ్రదుకు నారంభించినవాడు శాసనములు చేయు సభకు అధ్యక్షత వహించెను. తెలుగున మాటలాడినవారిని ఆ సభలో గేలి చేయువారు లేరు.

1970వ సంవత్సరము నవంబరు 11వ తేదీన, ఎనుబదియైదేండ్ల వయస్సున, హనుమంతరావు హైదరాబాదులో కాలధర్మము నొందెను. నలువది తొమ్మిదేండ్ల క్రిందట ఇదే నెలలో ఆంధ్రజనసంఘము పుట్టినది. ఆ సంఘము పుట్టిన దినమునకు ఒక్కదినము ముందుగా దాని కార్యదర్శి కన్ను మూసెను.

హనుమంతరావు కత్తి పట్టినవాడు కాడు; సభలను ఉర్రూతలూగించు వక్తగా పేరు పొందినవాడు కాడు. ఆయన ఆయుధములు మూడు: శాసనజ్ఞానము, భాషాజ్ఞానము, ఓర్పు. విద్య నేర్చినవాడు ఆ విద్యతో తన కడుపు నింపుకొనుట తప్పు కాదు. ఆయనయు వకాలతు చేసి తన కుటుంబమును పోషించుకొనెను. కాని తన విద్య లేనివానికి ఆ విద్యలోని మేలును అందించినప్పుడే అది సార్థకమగును. ఇతరులకు తెలియకుండుటవలన బ్రదుకు విద్య హీనము. ఇతరులకు తెలియజేయుటవలన పెరుగు విద్య ఘనము. పాతనగరపు న్యాయస్థానమున ఉర్దూలో వాదించి, గ్రామములోని చిల్లర వర్తకునకు తెలుగున అతని హక్కును తెలిపిన ఆ వకీలు జీవితము ఈ భేదమును తేటతెల్లము చేయుచున్నది.